ఉబుంటు 22.04 నుంచి 24.04కి వెళ్లేటప్పుడు బయటి రిపోలను ఏం చేస్తున్నారు?

కాకినాడ_కాజా
ఆఫీసు మెషీన్ ఉబుంటు 22.04. రిపోల (ప్యాకేజీలు దిగే సర్వర్ల) జాబితా ఉండే సోర్సెస్.లిస్ట్.డి ఫోల్డర్ తెరిస్తే సంత కనిపిస్తోంది: డాకర్, వీఎస్ కోడ్, క్రోమ్, పీహెచ్‌పీ పీపీఏ (విడి మనుషులు నడిపే రిపో), ఒక ప్రింటర్ కంపెనీ రిపో. అడగాల్సినవి మూడు. ఇవన్నీ ముందే తీసేయాలా, అప్‌గ్రేడే చూసుకుంటుందా? రిపోల సంతకం సరిచూసే పాత కీలు అలాగే పనిచేస్తాయా? 22.04కి 2027 దాకా సపోర్ట్ ఉంది కదా, అసలు ఇప్పుడే కదపాలా?

టెర్మినల్_తాత
నేను డెబియన్ పొటాటో రోజుల నుంచి ఈ పని చేస్తున్నా, కాబట్టి వినండి. వెర్షన్ మార్చే కమాండ్ డూ-రిలీజ్-అప్‌గ్రేడ్ బయటి రిపోలన్నిటినీ తనే ఆపేస్తుంది. పాత తరహా ఫైళ్లలో లైను ముందు హ్యాష్ పెట్టి ‘డిజేబుల్డ్ ఆన్ అప్‌గ్రేడ్ టు నోబుల్’ అని రాస్తుంది (నోబుల్ అంటే 24.04 మారుపేరు, జామీ అంటే 22.04ది). డెబ్822 అనే కొత్త తరహా ఫైళ్లయితే ‘ఎనేబుల్డ్: నో’ అని పెడుతుంది. అయితే అది ఆపేది రిపోనే, అందులోంచి వచ్చిన ప్యాకేజీ అక్కడే కూర్చుంటుంది. దానికి ఇక సెక్యూరిటీ అప్‌డేట్ రాదు, రావడం లేదని ఎవరూ చెప్పరు. సగం మంది అప్‌గ్రేడ్ అయిపోయిందని చేతులు దులుపుకుని, జామీ డాకర్‌తోనే ఏడాది గడిపేస్తారు.

రూట్_రమణి
తాతగారు చెప్పింది సగమే. కొన్ని ప్యాకేజీలు కూర్చోవు, మారిపోతాయి. మొజిల్లా సొంత రిపో నుంచి ఫైర్‌ఫాక్స్ డెబ్ (మామూలు ఉబుంటు ప్యాకేజీ) వేసుకున్నవాళ్లు జాగ్రత్త. ఉబుంటు ఆర్కైవ్‌లో ఉన్న ఫైర్‌ఫాక్స్ ఉత్త డొల్ల ప్యాకేజీ, వేస్తే స్నాప్ (ఉబుంటువాళ్ల ఇంకో రకం ప్యాకేజీ) దిగుతుంది. దాని వెర్షన్ ‘1:1స్నాప్1’ అని మొదలవుతుంది. ముందున్న ఆ ‘1:’ వల్ల మొజిల్లా వెర్షన్ ఎంత పెద్దదైనా ప్యాకేజీలు వేసే ఏపీటీ కంటికి చిన్నదే. మామూలుగా ఏపీటీ ప్రిఫరెన్సెస్‌లో 1000 పిన్ (ఈ రిపోకే ముందు చోటు అని చెప్పే అంకె) కాపాడుతుంది. అప్‌గ్రేడ్‌లో రిపోనే ఆగిపోయాక పిన్‌కి పట్టుకోవడానికి ఏం మిగలదు, స్నాప్ వచ్చేస్తుంది. మా అక్క ల్యాప్‌టాప్‌లో బుక్‌మార్కులు పోయాయని ఇల్లంతా గోల. పోలేదు, హోమ్‌లో .మొజిల్లా ఫోల్డర్‌లో భద్రంగా ఉన్నాయి. స్నాప్ ఫైర్‌ఫాక్స్ చూసేది వేరే ఫోల్డర్.

పెంగ్విన్_పిల్లోడు
అసలు స్నాప్ వాడేవాళ్లు మనుషులేనా? స్నాప్‌లను నడిపే స్నాప్‌డీని పీకేయండి, సమస్య తీరిపోతుంది.

రూట్_రమణి
తమ్ముడూ, ఇక్కడ అడిగింది రిపోల గురించి.

బెజవాడ_బాష్
ఏంటి బ్రో, స్నాప్ వాడితే మనుషులం కాదా? మా స్కూల్ ల్యాబ్‌లో మెషీన్లన్నిటికీ ఫైర్‌ఫాక్స్ దానంతట అదే అప్‌డేట్ అవుతుంది, నేను రాత్రిపూట నిద్రపోతున్నా. నీకు పిన్‌లు రాసుకునే తీరిక ఉంది, రాసుకో.

పెంగ్విన్_పిల్లోడు
నిద్రపో. పాత హార్డ్‌డిస్క్ మెషీన్‌లో మొదటిసారి ఫైర్‌ఫాక్స్ తెరిచి చూడు, అది లేచేలోపు ఇంకో కునుకు తీయొచ్చు.

బెజవాడ_బాష్
ఎస్ఎస్‌డీ వేయించుకో, లేదంటే నోరు మూసుకో.

టెర్మినల్_తాత
పిల్లలూ, పిన్ సంగతి తెలియకుండా కొట్టుకుంటున్నారు. 1000 ఎందుకు, 990 ఎందుకు కాదు? 1000 లేదా అంతకు మించి ఉంటేనే ఏపీటీ డౌన్‌గ్రేడ్‌కి ఒప్పుకుంటుంది. కాబట్టి స్నాప్ వచ్చేసినా కంగారొద్దు. అప్‌గ్రేడ్ అయ్యాక మొజిల్లా రిపోని మళ్లీ ఎనేబుల్ చేసి, అప్‌డేట్ కొట్టి, ఫైర్‌ఫాక్స్ ఇన్‌స్టాల్ చేస్తే డెబ్ వెనక్కొస్తుంది. ఆ తర్వాత స్నాప్‌ది విడిగా తీసేసుకోండి.

నల్గొండ_నోడ్
మీ బ్రౌజర్ లొల్లి పక్కన పెట్టండి. మాకు అప్‌గ్రేడ్ మొదలే కాలేదు! ‘మీ పైథాన్3 ఇన్‌స్టాల్ పాడైంది, యూఎస్ఆర్/బిన్/పైథాన్3 లింక్ సరిచేయండి’ అని చెప్పి ఆగిపోయింది. ఇంతకుముందు పనిచేసిన మహానుభావుడు డెడ్‌స్నేక్స్ పీపీఏ నుంచి పైథాన్ 3.11 తెచ్చి, అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్‌తో సిస్టమ్ పైథాన్‌నే మార్చి పోయిండు. 22.04లో అది 3.10 వైపే ఉండాలి. లింక్ వెనక్కి తిప్పినంక కదిలింది. పీపీఏ తప్పు కాదిది. కొత్త పైథాన్ కావాలంటే వెన్వ్ (ప్రాజెక్టుకి విడి పైథాన్ ఫోల్డర్) ఉంది కదా, సిస్టమ్ దాని జోలికి ఎందుకు పోవాలి?

గుంటూరు_గ్రెప్
పీహెచ్‌పీ పీపీఏ ఉందన్నారు కదా, ఇది చదవండి. 22.04ది 8.1, 24.04ది 8.3. మా క్లయింట్ సైటు పీపీఏ నుంచి తెచ్చిన 7.4 మీద నడిచేది. అప్‌గ్రేడ్ చివర్లో ‘పాత ప్యాకేజీలు తీసేయమంటారా’ అని అడుగుతుంది. అక్కడ ‘డి’ కొడితే జాబితా కనిపిస్తుంది. డ్యూటీలో ఉన్నాయన అది చూడకుండా ‘వై’ కొట్టాడు. వెబ్ సర్వర్ అపాచీకి ఉన్న పీహెచ్‌పీ మాడ్యూల్ పోయింది, అపాచీ మాత్రం లక్షణంగా లేచింది. ఫలితం ఏంటంటే, సైటు తెరిస్తే పేజీకి బదులు ఇండెక్స్.పీహెచ్‌పీ ఫైలే డౌన్‌లోడ్ అవుతోంది. కోడంతా జనం చేతిలో! డేటాబేస్ పాస్‌వర్డ్ వేరే ఫైల్లో ఉంది కాబట్టి బతికిపోయాం, అయినా ఆ రాత్రే మార్చేశాం. సర్వర్‌లో అప్‌గ్రేడ్‌కి ముందే అపాచీని ఆపేయండి. మాడ్యూల్ ఉందని కళ్లతో చూశాకే లేపండి.

సియాటిల్_శీను
ఇందుకే ఫెడోరా లినక్స్‌కి రమ్మనేది. అక్కడి బయటి రిపో ఆర్‌పీఎం ఫ్యూజన్ ఫైల్లో రిలీజ్‌వెర్ అని ఉంటుంది, వెర్షన్ మారితే దానంతట అదే మారుతుంది. ఈ గోలే లేదు.

రూట్_రమణి
శీనుగారూ, కోపర్ రిపోలు (ఫెడోరాలో మన పీపీఏల్లాంటివి) ఎన్ని ఉన్నాయి మీ దగ్గర? కొత్త వెర్షన్‌కి ఆ మనిషి బిల్డ్ చేయకపోతే ఆ రిపో 404 అంటుంది. అప్పుడు మీరూ మాలాగే ఒక్కోటీ డిజేబుల్ చేసుకుంటూ కూర్చోవాలి.

సియాటిల్_శీను
కోపర్ వాడేవాడి ఖర్మ.

పెంగ్విన్_పిల్లోడు
పీపీఏ వాడేవాడిదీ అదే ఖర్మ. ఆర్చ్ వాడండి.

మోడరేటర్
ఏ డిస్ట్రో (లినక్స్ రకం) గొప్పదో తేల్చుకోవడానికి వేరే చర్చ ఉంది. ఇక్కడ ఆర్చ్ అన్న మాట ఇదే ఆఖరు.

కాకినాడ_కాజా
అయ్యా, నా కీల ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. నిన్న వర్చువల్ మెషీన్‌లో చేసి చూశాను. క్రోమ్ రిపో నేను ఏం చేయకుండానే మళ్లీ ఆన్ అయింది, ఎలా? ఒక పీపీఏకి మాత్రం ‘వీక్ అల్గారిథమ్, ఆర్ఎస్ఏ1024’ అని హెచ్చరిక.

టెర్మినల్_తాత
క్రోమ్ ప్యాకేజీ రోజువారీ క్రాన్ (దానంతట అదే నడిచే పని) ఒకటి పెట్టుకుంటుంది. డిస్ట్రో అప్‌గ్రేడ్ తర్వాత రిపోని ఎనేబుల్ చేసేది అదే. వద్దనుకుంటే ఎటీసీ/డిఫాల్ట్‌లో దాని ఫైల్లో మార్చుకోవచ్చు. క్రోమ్, వీఎస్ కోడ్ రిపో లైన్లలో ‘స్టేబుల్’ అనే ఉంటుంది, ఉబుంటు పేరుండదు, కాబట్టి ఎనేబుల్ చేస్తే చాలు. డాకర్ అలా కాదు. ‘జామీ’ తీసి ‘నోబుల్’ అని రాయాలి. తర్వాత ప్యాకేజీల జాబితా చూపే డీపీకేజీ -ఎల్ కొట్టి ‘జామీ’ అని వెతకండి. డాకర్ వెర్షన్ తోకలోనే ఉబుంటు పేరు ఉంటుంది, కాబట్టి మారనిది ఇట్టే దొరికిపోతుంది.

కీల విషయం: పాత ఏపీటీ-కీ కమాండ్‌తో ఎక్కించినవన్నీ ఒకే గుత్తిలో పడతాయి, ఏ కీ అయినా ఏ రిపోకైనా సంతకం పెట్టేయొచ్చు. కీలను ఎటీసీ/ఏపీటీ/కీరింగ్స్‌లో విడివిడిగా పెట్టి, ఏ రిపోకి ఏ కీయో ‘సైన్డ్-బై’తో కట్టేయండి. 1024 బిట్ల హెచ్చరికకి ఆ పీపీఏని తీసేసి మళ్లీ యాడ్ చేసి చూడండి. కొత్త కీ సిద్ధంగా ఉంటే అదే దిగుతుంది.

గుంటూరు_గ్రెప్
ముందే పీపీఏ-పర్జ్ కమాండ్ కొట్టేస్తే ఇన్ని తిప్పలెందుకు? పీపీఏని ఆపేసి, ప్యాకేజీలను ఉబుంటు సొంత వెర్షన్‌కి దించేస్తుంది.

రూట్_రమణి
ఉబుంటులో అసలు ఉన్న ప్యాకేజీ అయితేనే దించుతుంది. మీ పీహెచ్‌పీ 7.4 జామీలోనే లేదు, దేనికి దించుతుంది?

భీమిలి_బైట్
కొంచెం పక్కకి వెళ్తున్నా, క్షమించాలి. మా నాన్నగారికి ఆర్‌టీఎస్‌లో (ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే పద్ధతిలో) తెలుగు టైపింగ్ కావాలి. ఎవరో ఏదో పీపీఏ లింక్ పంపారు, వేయమంటారా?

బెజవాడ_బాష్
వద్దు అన్నా. టైపింగ్ ప్యాకేజీ ఐబస్-ఎం17ఎన్ ఉబుంటులోనే ఉంది, అందులో ఆర్‌టీఎస్, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు రెండూ దొరుకుతాయి. పోతన, వేమన ఫాంట్లు కావాలంటే ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా వేసుకో. దీనికి బయటి రిపో దేనికి?

కాకినాడ_కాజా
థాంక్స్ అందరికీ. మిగిలింది ప్రింటర్ రిపో. దాంట్లో నోబుల్ ఫోల్డర్ లేదు, జామీతోనే ఆగిపోయింది.

నల్గొండ_నోడ్
ఆ రిపోని ఆపే ఉంచు అన్నా. ముందు డ్రైవర్ లేకుండా యాడ్ చేసి చూడు, నెట్‌వర్క్ ప్రింటర్లు చాలావరకు కప్స్‌కి (లినక్స్ ప్రింటింగ్ వ్యవస్థకి) ఐపీపీ అనే ప్రింటింగ్ ప్రోటోకాల్‌తోనే దొరుకుతాయి. మోడల్ ఏంది?