మడమ, మోకాలి నొప్పులు వదలకుండా ఉన్నప్పుడు పరుగు కొనసాగించడం ఎలా?

ప్రశ్న

నా వయసు 48 సంవత్సరాలు. తొమ్మిదేళ్లుగా వారానికి నాలుగు రోజులు పరుగెత్తుతున్నాను. పోటీల మీద ఆసక్తి లేదు, ఉదయం పూట ఆ గంటసేపు దొరికే ప్రశాంతత కోసమే పరుగెత్తుతాను. ఏడాదిగా కుడి మడమ బాధిస్తోంది. తెల్లవారి మంచం దిగి పాదం నేలకు ఆనించగానే మేకు గుచ్చుకున్నట్లు ఉంటుంది; గోడ పట్టుకుని, పాదం బయటి అంచు మీద బరువు వేసి పది అడుగులు నడిస్తే గానీ కాలు సాగదు. పరుగు మొదలుపెట్టిన పది నిమిషాలకు ఆ నొప్పి దాదాపు పోతుంది, సాయంత్రానికి మళ్లీ వస్తుంది. దీనికి తోడు మెట్లు దిగేటప్పుడు ఎడమ మోకాలి చిప్ప వెనుక సలుపుతుంది. నన్ను పరీక్షించిన వైద్యుడు పరుగు మానేసి నడకతో సరిపెట్టుకోమన్నారు. రెండు నెలలు పూర్తిగా మానేశాను. నొప్పి తగ్గింది గానీ, మళ్లీ మొదలుపెట్టిన వారానికే తిరిగి వచ్చింది. ఆ రెండు నెలల్లో నా నిద్ర చెడింది, ఇంట్లోవారి మీద విసుగు పెరిగింది. ఏ నొప్పితో పరుగెత్తవచ్చు, ఏ నొప్పికి ఆగిపోవాలి అన్నది ఎలా తెలుసుకోవాలి? పరుగు వల్ల మోకాళ్లు అరిగిపోతాయన్న మాట నిజమేనా?

మొదటి సమాధానం

నాది అకిలిస్ టెండన్ (పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే తాడు లాంటి గట్టి పట్టీ) బాధ, మీది అరికాలిది. అయినా మీరు రాసిన వరుస నా అనుభవానికి చాలా దగ్గరగా ఉంది. మానేస్తే తగ్గడం, మొదలుపెడితే తిరగబెట్టడం అనే చక్రంలో నేను మూడేళ్లు తిరిగాను. విశ్రాంతి నొప్పిని తగ్గించిందే తప్ప కాలికి బలం ఇవ్వలేదని చాలా ఆలస్యంగా అర్థమైంది. స్వీడన్‌కు చెందిన ఆల్‌ఫ్రెడ్సన్ బృందం 1998లో ప్రచురించిన వ్యాయామ పద్ధతిని ఫిజియోథెరపిస్టు నా చేత చేయించారు. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, మడమను మెట్టు కిందికి నెమ్మదిగా దించాలి. మోకాలు నిటారుగా ఉంచి 15 సార్ల చొప్పున మూడు విడతలు, కొద్దిగా వంచి మరో మూడు విడతలు, రోజుకు రెండు పూటలా 12 వారాలు చేయాలి. ఆ అధ్యయనంలో పాల్గొన్నవారు కూడా మనలాగే సరదాకు ఆటలు, వ్యాయామాలు చేసే 15 మంది. మొదటి నెలంతా ఏ మార్పూ కనబడక నిరాశ పడ్డాను. ఏడో వారంలో ఒక ఉదయం మెట్లు దిగి వంటింట్లోకి వెళ్లిన తర్వాత, రెయిలింగ్ పట్టుకోకుండానే దిగానని గమనించాను.

రెండో సమాధానం

నేను ఫిజియోథెరపిస్టును. స్వయంగా చూడకుండా నిర్ధారించడం సరికాదు గానీ, ఉదయం తొలి అడుగులో వచ్చే నొప్పి ప్లాంటార్ ఫేషియైటిస్‌కు ముఖ్య లక్షణం. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద సాగే గట్టి పట్టీ మడమ దగ్గర దెబ్బతిన్నప్పుడు ఇలా ఉంటుంది. ఒళ్లు వేడెక్కాక ఆ నొప్పి అణగిపోతుంది కాబట్టి, పరుగు మధ్యలో ఎలా ఉందన్నది మంచి కొలత కాదు. నొప్పికి 0 నుంచి 10 వరకు అంకె వేసి, పరుగెత్తిన మర్నాడు ఉదయం తొలి అడుగుకు ఎంత వచ్చిందో ఒక పుస్తకంలో రాసుకోండి. పరుగులో 3 దాటకుండా, మర్నాటికి మామూలు స్థాయికి దిగితే ఆ దూరాన్ని మీ కాలు తట్టుకుంటున్నట్లే. అంకె వారం వారం పెరుగుతుంటే దూరం తగ్గించండి.

మడమ కోసం, మీకు చెప్పిన వ్యాయామంలోనే చిన్న మార్పు ఉంది. చుట్టిన తువ్వాలును కాలివేళ్ల కింద పెట్టి, 3 సెకన్లలో మడమ పైకి లేపి, 2 సెకన్లు నిలిపి, 3 సెకన్లలో దించండి. వేళ్లు పైకి వంగి ఉండడం వల్ల అరికాలి పట్టీ బిగుసుకుని, బరువు నేరుగా దాని మీద పడుతుంది. రోజు విడిచి రోజు చేస్తే చాలు. తేలికపడ్డాక వీపు సంచిలో పుస్తకాలు వేసుకుని చేయవచ్చు. మోకాలికి నా మొదటి సలహా అడుగు పొడవు తగ్గించడం. అదే వేగంతో నిమిషానికి వేసే అడుగుల సంఖ్యను 5 నుంచి 10 శాతం పెంచితే మోకాలి మీద భారం తగ్గుతుందని 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపింది. మీవి 160 అయితే 168తో మొదలుపెట్టండి. పల్లం దిగే దారులను కొన్నాళ్లు పక్కన పెట్టండి.

అరుగుదల గురించి అడిగారు. అనేక అధ్యయనాలను కలిపి చూసిన 2017 నాటి విశ్లేషణలో తుంటి, మోకాలి కీళ్ల ఆర్థరైటిస్ సరదాకు పరుగెత్తేవారిలో 3.5 శాతం మందికి, పరుగెత్తకుండా కూర్చుని గడిపేవారిలో 10.2 శాతం మందికి, పోటీస్థాయి రన్నర్లలో 13.3 శాతం మందికి కనిపించింది. పరుగే కీళ్లను కాపాడిందని దీనితో రుజువు కాదు. అయినా మీ స్థాయి పరుగు మోకాళ్లను అరగదీస్తుందన్న భయానికి ఇందులో ఆధారం లేదు.

మూడో సమాధానం

పై సలహాలు టెండన్‌కు, అరికాలి పట్టీకి వర్తిస్తాయి, ఎముకకు వర్తించవని నా తరఫున గట్టిగా చెప్పాలి. మోకాలికీ చీలమండకూ మధ్య కాలి ముందు ఎముక మీద వేలు పెట్టి చూపగలిగినంత చిన్న చోట నాకు నొప్పి ఉండేది. పరుగెత్తిన కొద్దీ పెరిగేది, రాత్రి పడుకున్నా వదిలేది కాదు. ఇదీ అలవాటైపోతుందని మూడు వారాలు భరించాను, చివరికి స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే పడే భారంతో ఎముకలో వచ్చే సన్నని పగులు) అని తేలింది. ఎక్స్‌రేలో మొదట కనబడలేదు, ఎమ్మారైలో కనబడింది. అలాంటి నొప్పికి అంకెలు వేస్తూ కూర్చోవద్దు, అదే రోజు ఆగిపోయి వైద్యుణ్ని కలవండి. నొప్పి మాత్ర వేసుకుని పరుగుకు బయలుదేరే అలవాటుంటే అదీ మానండి. ఆగమని చెప్పే గొంతునే అది నొక్కేస్తుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నా నొప్పి రాత్రిపూట ఉండదు, ఒక్క చోట వేలు పెట్టి చూపేలా కూడా లేదు. ఈ ఉదయం పుస్తకంలో మొదటి అంకె 6 అని రాశాను. మడమ వ్యాయామం పరుగు రోజున చేయాలా, విశ్రాంతి రోజున చేయాలా?

రెండో సమాధానం రాసినవారు

పరుగు రోజు సాయంత్రమే చేయండి, అప్పుడు మరుసటి రోజంతా కాలికి విశ్రాంతి దొరుకుతుంది. తొలి అడుగుకు 6 వస్తోంది కాబట్టి ఈ రెండు వారాలు నాలుగు రోజులను మూడుకు తగ్గించి, రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక చొప్పున అరగంట చాలించండి. మిగిలిన రోజుల్లో ఈతో సైకిలో పెట్టుకుంటే ఊపిరి బలం తగ్గదు. అంకె 4కు దిగాక నడక నిమిషాన్ని తీసేయవచ్చు.