మైక్రోవేవ్‌లో తిప్పితే క్రిములు పోతాయా? మా ఇంట్లో పెద్ద గొడవగా ఉంది

పాలకొండ రోడ్డు కోడలు (శ్రీకాకుళం)

మా ఆయన ఫోన్లో ఏదో వీడియో చూశారు. అంట్లు తోమే స్పాంజి, మసిగుడ్డ, పాపాయి పాలసీసా, ఏదైనా సరే మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు తిప్పితే క్రిములన్నీ చచ్చిపోతాయని అందులో చెప్పారట. అప్పటినుంచి చేతికి దొరికిందల్లా అందులో పెట్టేస్తున్నారు. నిన్న మా అత్తగారి పళ్ళసెట్టు మీద కూడా కన్నేశారు. ఆవిడేమో "కూర వేడిచేసుకునే పెట్టెలో అంట్లపీచు పెడతారేటి?" అని ఒకటే గోల. ఆవిడకి గ్యాస్ మీద మరిగించిన నీళ్ళు తప్ప ఇంకేదీ నమ్మకం లేదు. పాపకి రెండో నెల నడుస్తోంది. అందుకే నాకు టెన్షన్. ఎవరి మాట వినమంటారు?

కోట దగ్గర మేష్టారు (విజయనగరం)

ఆ వీడియో పూర్తిగా గాలి కబురు కాదమ్మా. 2006 చివర్లో అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్ళు స్పాంజిల్ని మురికినీళ్ళలో నానబెట్టి మైక్రోవేవ్‌లో పెట్టి చూశారు. ఫుల్ పవర్‌లో రెండు నిమిషాలకి 99 శాతం పైగా క్రిములు పోయాయి. బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా సిద్ధబీజాలకి (వేడికి తట్టుకునే దాని మొండి రూపానికి) మాత్రం నాలుగు నిమిషాలు పట్టింది. వండిన అన్నం రాత్రంతా బయట వదిలేస్తే, పొద్దున్న తిన్నవాళ్ళకి వాంతులు తెప్పించేది ఇదే.

వార్త బయటికి రాగానే జనం పొడి స్పాంజిలు పెట్టి మాడ్చుకున్నారు. తడిపి పెట్టండి బాబూ అని ఆ విశ్వవిద్యాలయం వాళ్ళే మళ్ళీ చెప్పుకోవాల్సి వచ్చింది. అసలు కిటుకంతా ఆ తడిలోనే ఉంది. మైక్రోవేవ్ తరంగాలు నీటిని వేడెక్కిస్తాయి, క్రిముల్ని చంపేది ఆ వేడి. నీళ్ళు లేని ప్లాస్టిక్ డబ్బా పెట్టి ఎంతసేపు తిప్పినా ఉపయోగం లేదు.

పైగా లోపల వేడి అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఇంటి మైక్రోవేవ్ పనిచేసేది 2,450 మెగాహెర్ట్జ్ దగ్గర, తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. అవి గోడలకి కొట్టుకుని తిరిగొచ్చి ఒకదాంతో ఒకటి కలిసినచోట వేడి ఎక్కువ, రద్దయినచోట తక్కువ. నమ్మకపోతే అప్పడం పెట్టి చూడండి. ఓ పక్క తెల్లగా పొంగి ఉంటుంది, వేలెడు దూరంలో ఇంకా పచ్చిగా, పసుపురంగులోనే ఉంటుంది. పళ్ళెం తిరుగుతున్నా అక్కడక్కడ మిగిలిపోతుంది. స్పాంజిలో ఆ పచ్చి మచ్చలు మనకి కనిపించవు, అంతే తేడా.

ల్యాబ్ కోటు (శ్రీకాకుళం)

మేష్టారు చెప్పినదానికి ఇంకొంచెం కలుపుతాను. ఆసుపత్రిలో పరికరాల్ని ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడి మీద ఆవిరి పట్టే యంత్రంలో, 121 డిగ్రీల దగ్గర, చదరపు అంగుళానికి 15 పౌండ్ల ఒత్తిడిలో కనీసం 15 నిమిషాలు ఉంచుతాం. మైక్రోవేవ్‌లో నీళ్ళు 100 దగ్గరే ఆగిపోతాయి. ఇంట్లో ఆటోక్లేవ్‌కి దగ్గరి చుట్టం ఏదైనా ఉందంటే అది ప్రెషర్ కుక్కరే.

స్పాంజి విషయంలో నేను అత్తగారి పార్టీ. 2017లో జర్మనీ శాస్త్రవేత్తలు జనం వంటిళ్ళలో వాడేసిన స్పాంజిలు 14 తెప్పించి పరీక్షించారు. అప్పుడప్పుడూ మరిగించడం, మైక్రోవేవ్‌లో పెట్టడం చేసినవాటిలో కూడా బాక్టీరియా తక్కువేం లేదు. కొన్ని రకాలైతే వాటిలోనే ఎక్కువ పాళ్ళలో కనిపించాయి. బలహీనమైనవి చస్తే మొండివాటికి చోటు ఖాళీ అయిందేమో అని వాళ్ళు అనుమానించారు. పాతబడితే పారెయ్యడమే మేలు.

కవిటి కుర్రాడు (ప్రస్తుతం విజయనగరం)

ల్యాబ్ అన్నా, మనం ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ చేస్తున్నామా, 121 డిగ్రీలు కావడానికి? 2007లో అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ళు కూడా పరీక్ష పెట్టారు. తడి స్పాంజి ఒక్క నిమిషం తిప్పితే దాదాపు మొత్తం బాక్టీరియా పోయింది. నిమ్మరసంలో నానబెట్టినదానికన్నా ఎన్నో రెట్లు నయం. మీ జర్మనీ స్పాంజిల సంగతంటారా, వాటిని ఎవరు ఎలా శుభ్రం చేశారో వాడినవాళ్ళ మాటే ఆధారం. అది ఇంట్లో అలవాట్ల లెక్క. ఇది ల్యాబులో కొలిచి చూసిన లెక్క.

మేం నలుగురు బ్యాచిలర్లం, ఒకటే గది, ఒకటే సింకు. చేపల కూర వండిన రోజు స్పాంజి వాసన చూస్తే తెలుస్తుంది. సబ్బు పెట్టి పిండి, తడి ఉంచి, ఒక నిమిషం తిప్పి, చల్లారాక తీస్తాను. వాసన పోతుంది. గ్యాస్ మీద విడిగా గిన్నె పెట్టి స్పాంజి ఉడకబెట్టే ఓపిక మా గదిలో ఎవరికుంది చెప్పండి?

టెక్కలి పెద్దమ్మ

కవిటి కుర్రాడివై ఉండి స్పాంజి గురించి దెబ్బలాడతావేట్రా? ఉద్దానంలో ఏ పెరట్లో చూసినా కొబ్బరి డొక్కలే. పీచు తీసి తోముకో, ఎండలో పడేసి ఆరబెట్టుకో, నాలుగు రోజులకి పారెయ్. రాత్రంతా తడితో సింకులో పడుండే వస్తువు వాడడం ఎందుకు, దానికి మళ్ళీ వైద్యం ఎందుకు?

ఇంకో మాట. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా వైపు రోజుల తరబడి కరెంటు లేదు. చంటిపిల్లల సీసాలు అందరూ పొయ్యి మీదే మరిగించుకున్నారు.

కవిటి కుర్రాడు

పెద్దమ్మా, తుఫాను నాడు గ్యాస్, మామూలు రోజుల్లో కరెంటు. రెండూ ఉంటే తప్పేటి? పీచు మాట ఒప్పుకుంటాను గాని, నాన్‌స్టిక్ పెనం మీద దాంతో రుద్దితే మా రూమ్మేట్ ఊరుకోడు.

ల్యాబ్ కోటు

స్పాంజి గొడవ పక్కన పెట్టండి, చెల్లెమ్మ అడిగినదాంట్లో ముఖ్యమైనది పాలసీసా. రెండు నెలల లోపు పిల్లలకి, నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకి సీసాని రోజుకొక్కసారైనా ఇలా శుద్ధి చెయ్యమని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. అత్తగారి పద్ధతైతే భాగాలన్నీ విడదీసి, సబ్బుతో కడిగి, మరిగే నీళ్ళలో పూర్తిగా ముంచి ఐదు నిమిషాలు. మైక్రోవేవ్ కావాలంటే దానికోసం అమ్మే ఆవిరి డబ్బా ఉంటుంది. దానిమీద రాసినన్ని నీళ్ళు పోసి, రాసినంతసేపే పెట్టాలి. మూత బిగించిన సీసా మాత్రం ఎప్పుడూ పెట్టకండి, పేలుతుంది. తీసేటప్పుడు ఆవిరి మొహానికి కొట్టకుండా చూసుకోండి. ఏ పద్ధతైనా ముందు కడగడం తప్పదు. చనుమూతలో పాలజిడ్డు ఉంటే ఆవిరి దాని కిందికి సరిగా పోదు.

అసలు సీసా తప్పనిసరా అని కూడా మీ పిల్లల డాక్టరుని అడగండి. సీసాల ప్రకటనలు వద్దని మన దేశంలో 1992లోనే చట్టం తెచ్చారు. గిన్నె, చెంచాతో పట్టడం తేలిక, కడగడం అంతకన్నా తేలిక. గిన్నె స్టీలుదైతే గ్యాస్ మీదే మరిగించాలి.

కోట దగ్గర మేష్టారు

ల్యాబ్ బాబూ, ఒక చిన్న సవరణ. మైక్రోవేవ్‌లో నీళ్ళు 100 దగ్గరే ఆగుతాయన్నారు. నున్నటి గాజు గ్లాసులో కదపకుండా వేడిచేస్తే ఒక్కోసారి బుడగ రాకుండానే 100 దాటిపోతాయి. బయటికి తీసి చెంచా ముంచగానే ఒక్కసారిగా ఎగజిమ్ముతాయి. చేతులు, మొహం కాలతాయి. 2024 అక్టోబరులో మా జిల్లా గుర్లలో అతిసారం ప్రబలాక, తాగే నీళ్ళు మైక్రోవేవ్‌లో కాచుకోవచ్చా అని నన్ను చాలామంది అడిగారు. వద్దన్నాను. బిందెడు నీళ్ళు గ్లాసుల్లో కాచేదెప్పుడు? పొయ్యి మీద తెర్లాక అడుగునుంచి పైదాకా కలిసి మరుగుతాయి, కంటికి కనిపిస్తుంది.

పళ్ళసెట్టు దగ్గర మాత్రం అటు అబ్బాయీ, ఇటు అత్తగారూ ఇద్దరూ ఆగాలి. నీళ్ళలో ముంచి మైక్రోవేవ్‌లో శుద్ధి చెయ్యడం మీద దంతవైద్యులు పరిశోధనలు చేసిన మాట నిజమే. కానీ ఎక్కువ వేడికి ఆ ప్లాస్టిక్ వంకరపోవచ్చు. మరుగునీళ్ళకీ అదే భయం. ఒకసారి వంగితే చిగుళ్ళకి కూర్చోదు. లోహపు కొక్కేలుంటే మైక్రోవేవ్ మాటే ఎత్తొద్దు. మెత్తటి బ్రష్‌తో తోమి, రాత్రి చన్నీళ్ళలో పెట్టమనండి.

పాలకొండ రోడ్డు కోడలు

అందరికీ దండాలు. పాలసీసా ఇకనుంచి గ్యాస్ మీదే, స్పాంజి కవిటి తమ్ముడు చెప్పినట్టు. పళ్ళసెట్టు అత్తగారు ఇప్పటికే బీరువాలో దాచేశారు. మా ఆయన ఇదంతా చదివి, స్టీలు చెంచా పెడితే నిజంగా మెరుపులు వస్తాయా అని అడుగుతున్నారు.

ల్యాబ్ కోటు

నున్నటి చెంచాతో ఒక్కోసారి ఏమీ కాదు. ముళ్ళ చెంచా, నలిగిన అల్యూమినియం రేకు, గిన్నెలు తోమే స్టీలు పీచు పెడితే మాత్రం నిప్పురవ్వలు ఖాయం. బావగారికి చెప్పండి, ఆ స్టీలు పీచు చూపించకండి.