ఒకే ప్యాకేజీలో మూడు జావా కాల్‌బ్యాక్‌లు: క్లాస్ ఒకటా, మూడా?

కొత్తచేయి:
సిస్కో ఎన్‌ఎస్‌ఓలో (నెట్‌వర్క్ పరికరాల కాన్ఫిగరేషన్ నడిపే సాఫ్ట్‌వేర్) ఒక ప్యాకేజీ, దాని యాంగ్‌లో (డేటా మోడల్ రాసే భాష) మూడు సర్వీస్‌పాయింట్లు, అంటే సర్వీసుని జావా కోడుకి కలిపే పేర్లు. మెటాడేటా ఫైల్లో మూడు కాంపొనెంట్లు పెట్టి ఒక్కోదానికి ఒక్కో జావా క్లాస్ ఇవ్వాలా, లేక ఒకే క్లాసులో మూడు క్రియేట్ మెథడ్‌లు (సర్వీస్ పెట్టినప్పుడు ఎన్‌ఎస్‌ఓ పిలిచే కాల్‌బ్యాక్‌లు) రాయాలా? రెండూ పనిచేస్తున్నాయి, ఏది ఉంచాలో తేలట్లేదు.

పాతకాపు:
ఒకే క్లాస్. మెథడ్ మీద సర్వీస్‌కాల్‌బ్యాక్ అనొటేషన్లో సర్వీస్‌పాయింట్ పేరు, కాల్‌టైప్ ఇస్తాం కదా, ఏ మెథడ్ ఏ సర్వీసుదో ఎన్‌ఎస్‌ఓ దగ్గర రిజిస్ట్రేషన్ జరిగేది దాన్ని బట్టే. క్లాసులు ఎన్నయితే ఎన్‌ఎస్‌ఓకేం పట్టింపు?

రాత్రిడ్యూటీ:
దానికి పట్టదు, నాకు పడుతుంది. పాత ఉద్యోగంలో ఇలాంటి క్లాసే, ఎవరో క్రియేట్ మెథడ్ కాపీ కొట్టి కొత్త సర్వీసుకి వాడారు, అనొటేషన్లో పేరు మాత్రం పాతదే ఉంచేశారు. కమిట్ కొడితే 'నో రిజిస్ట్రేషన్ ఫౌండ్ ఫర్ కాల్‌పాయింట్', అంటే కొత్త సర్వీసుకి కోడే దొరకలేదని ఎర్రర్. తెల్లవారుజాము 3 దాకా యాంగ్ ఫైలే తిరగేశాను, తప్పు జావాలో ఉంది.

సెమికోలన్:
కాపీ పేస్ట్ చేసినోడిది కదా తప్పు 😀

పాతకాపు:
అదే నేననేది. మూడు ఫైళ్లు పెట్టినా ఆ తప్పు వస్తుంది.

రాత్రిడ్యూటీ:
వస్తుంది, కానీ కనపడుతుంది. ఇంకోటి, అంతా ఒకే క్లాసులో ఉంటే జనం స్టాటిక్ మ్యాప్ (క్లాస్ అంతటికీ ఉమ్మడి, మెమరీలోనే ఉండేది) పెట్టి ఒక సర్వీస్ విలువ ఇంకోదానికి అందిస్తారు. ప్యాకేజీ రీడిప్లాయ్ (దాని జావా కోడ్ మళ్లీ లోడ్ చేయడం) కొట్టగానే అది ఖాళీ. ప్రీ మాడిఫికేషన్ (క్రియేట్‌కి ముందు నడిచే కాల్‌బ్యాక్) నుంచి క్రియేట్‌కి ఏదైనా పంపాలంటే ఒపేక్ ప్రాపర్టీస్ (పేరు, విలువ జతలు) ఉన్నాయి, సర్వీసుతోపాటే భద్రంగా ఉంటాయి.

పాతకాపు:
స్టాటిక్ పెట్టమని నేనెక్కడన్నాను? చూపించండి.

రాత్రిడ్యూటీ:
మీరనలేదండీ, మీలాంటివాళ్లు రాసి వెళ్లిపోతారు, రాత్రి ఫోన్ మాకొస్తుంది.

పాతకాపు:
'మీలాంటివాళ్లు' ఏంటి? 6 ఏళ్లుగా నా కోడ్ నేనే మోస్తున్నాను, అర్ధరాత్రి ఫోన్లు నాకూ వచ్చాయి.

యాంగ్‌పిచ్చి:
ఇద్దరూ ఆగండి. కాంపొనెంట్లు ఎన్నయినా ప్యాకేజీ ఒకటే, రీడిప్లాయ్ చేస్తే అన్నీ కలిసే ఆగి లేస్తాయి. రాత్రిడ్యూటీ గారూ, మీకు కావాల్సింది వేరే క్లాస్ కాదు, వేరే ప్యాకేజీ. అవునా?

రాత్రిడ్యూటీ:
అవును. ఒక సర్వీసులో చిన్న మార్పుకి మిగతా రెండు ఎందుకు ఆగాలి?

పాతకాపు:
ఇప్పుడొచ్చారు అసలు సంగతికి. యాంగ్ మారితే రీడిప్లాయ్ సరిపోదు, అన్ని ప్యాకేజీలనీ మళ్లీ ఎక్కించే ప్యాకేజెస్ రీలోడే కొట్టాలి, అప్పుడు విడగొట్టి ఏం లాభం? పైగా మా దగ్గర ప్యాకేజీకో అనుమతి. మూడు ప్యాకేజీలంటే మూడు సంతకాలు, ఆ సంతకాలు పెట్టేది మా టీమ్ కాదు. ఆ తిప్పలు పడ్డాకే అన్నీ ఒకచోట చేర్చాను.

రాత్రిడ్యూటీ:
అంటే మీ సంతకాల బాధకి మా నిద్ర.

సెమికోలన్:
అమ్మయ్య, క్లాసుల గొడవ తీరింది.

కొత్తచేయి:
మరి నేను మూడు కాంపొనెంట్లు ఉంచేయనా?

పాతకాపు:
ఉంచుకోండి, ప్యాకేజీ మాత్రం చీల్చకండి.

రాత్రిడ్యూటీ:
చీల్చండి.