కారులో హ్యాండ్స్‌ఫ్రీ కాల్: నాకు బాగానే వినిపిస్తోంది, అవతలివాళ్లకే ఎకో. ఎందుకు?

ప్రశ్న

కారులో బ్లూటూత్ మీద ఫోన్ మాట్లాడుతుంటే ఒక ఇబ్బంది వస్తోందండీ. అవతలి గొంతు నాకు చక్కగా వినిపిస్తుంది. వాళ్లు మాత్రం "నా మాట నాకే తిరిగొస్తోంది" అంటున్నారు. మా అక్క అయితే ఒక వాక్యం అనడం, ఆగడం, తన గొంతు తిరిగొచ్చాక మళ్లీ మొదలుపెట్టడం. రెండు నిమిషాల్లో విసుగొచ్చి "కారు దిగాక చెయ్యి" అని పెట్టేస్తుంది. ఏసీ జోరుగా ఉన్నప్పుడు ఇంకోరకం గొడవ: నా మాట ముక్కలు ముక్కలుగా వెళ్తోందట.

ఇంకో సందేహం కూడా ఉంది. అవే స్పీకర్లలో పాటలు బ్రహ్మాండంగా వస్తాయి. కాల్ రాగానే గొంతు డబ్బాలోంచి మాట్లాడినట్టు అయిపోతుంది. స్పీకర్లు అవే, ఫోన్ అదే, బ్లూటూత్ అదే. మరి తేడా ఎక్కడ వస్తోంది?

కారు సర్వీస్‌లో అడిగితే ఫోన్ సమస్య అన్నారు. ఫోన్ సర్వీస్‌లో అడిగితే కారు సమస్య అన్నారు. ఫోన్‌కీ కారుకీ మధ్య అసలు ఏం జరుగుతుందో తెలిస్తే, ఎవరిని గట్టిగా అడగాలో నాకు తెలుస్తుంది. ఈ విషయం తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరా?

జవాబు 1

ఫోన్‌లోనూ కారులోనూ పాత పెయిరింగ్ తీసేసి కొత్తగా కలపండి. ఫోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయ్యాక ఇలాంటివి వస్తుంటాయి. నాకైతే దాంతో గొంతు నాణ్యత మెరుగుపడింది. ఎకో మాత్రం నెట్‌వర్క్ వల్ల అయ్యుంటుంది, సిగ్నల్ బాగున్న చోట ఒకసారి చూడండి.

జవాబు 2

నేను కార్ల ఆడియో ట్యూనింగ్ పనిలో ఉన్నానండీ. కారు లోపలి మైక్ ఏం వింటోందో కొలవడమే నా ఉద్యోగం. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఎకో సంగతి. ఎకో ఎవరికి వినిపిస్తుందో వాళ్ల వైపు లోపం ఉండటం అరుదు, సాధారణంగా ఎదుటివైపే ఉంటుంది. మీ అక్కగారి గొంతు మీ కారు స్పీకర్లలోంచి బయటికొస్తుంది. అదే క్యాబిన్‌లో, మహా అయితే ఒకటి రెండు మీటర్ల దూరంలో, మీ మైక్ ఉంది. ఆ గొంతు అద్దాలకు, డ్యాష్‌బోర్డుకు తగిలి మైక్‌లోకి దూరుతుంది, మీ మాటతోపాటు మళ్లీ ఆవిడకే వెళ్తుంది. క్యాబిన్‌లో ఆ శబ్దం నడిచేది కొన్ని మిల్లీసెకన్లే. కానీ కారు నుంచి ఫోన్‌కు, ఫోన్ నుంచి నెట్‌వర్క్‌కు, అక్కడినుంచి ఆవిడ చెవికి చేరేసరికి, రాకపోకలు కలిపి సెకనులో పదో వంతు దాటిపోతుంది. అంత ఆలస్యంగా వస్తే చెవి దాన్ని వేరే మాటగా పట్టుకుంటుంది. అందుకే మీకు హాయిగా ఉంటుంది, ఆవిడకు చిరాకుగా ఉంటుంది. కారులో ఉన్నప్పుడు మాత్రమే, ఎవరితో మాట్లాడినా వస్తోందంటే నెట్‌వర్క్‌ని అనుమానించక్కర్లేదు.

మరి అన్ని కార్లలోనూ ఇలా ఎందుకు రాదు? ఎకో క్యాన్సిలర్ అనే ప్రోగ్రామ్ దాన్ని తీసేస్తుంది కాబట్టి. స్పీకర్‌కి ఏ శబ్దం పంపుతున్నామో కారు సిస్టమ్‌కి ముందే తెలుసు. ఆ శబ్దం క్యాబిన్‌లో తిరిగి మైక్ దగ్గరికి ఏ రూపంలో వస్తుందో అది అంచనా కట్టి, మైక్‌కి వినిపించినదాంట్లోంచి తీసివేస్తుంది. మిగిలింది మీ గొంతు. లెక్క ఇలా ఉంటుంది: సెకనుకు 16,000 నమూనాలు (శబ్దాన్ని క్షణక్షణం కొలిచిన విలువలు) తీసుకునే కాల్‌లో 50 మిల్లీసెకన్ల మేర ప్రతిధ్వనిని పట్టాలంటే, నమూనాకి ఒకటి చొప్పున 800 అంకెలు కావాలి. ఆ 800 అంకెలూ కాల్ జరుగుతున్నంతసేపూ తమను తాము సవరించుకుంటూనే ఉంటాయి. మీరు సీటు ముందుకు జరిపినా, అద్దం దించినా, వెనక ఎవరైనా ఎక్కి కూర్చున్నా క్యాబిన్‌లో శబ్దం నడిచే దారి మారుతుంది, అంకెలు కొత్తగా కుదురుకోవాలి. 1960ల్లో ఉపగ్రహ టెలిఫోన్ కాల్స్‌లో ఆలస్యం పెద్ద తలనొప్పి అయినప్పుడు అమెరికా టెలిఫోన్ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో ఈ పద్ధతి రూపుదిద్దుకుంది. మన్ మోహన్ సోంధీ 1967లో దీనిమీద ప్రచురించిన వ్యాసం ఈ రంగంలో ఇప్పటికీ పునాది. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఆ వ్యాసం చదివి నేను నిజంగా పొంగిపోయాను. ఇప్పుడు మనం కారులో వాడుతున్నది, ఎంతో మెరుగుపడినా, ఆ ఆలోచనే.

ఈ అంచనా దెబ్బతినే సందర్భాలు ఉన్నాయి. అన్నింటికన్నా ఎక్కువగా కనిపించేది వాల్యూమ్. కాల్ వాల్యూమ్ బాగా పెంచితే స్పీకర్ తన హద్దు దాటి శబ్దాన్ని వంకర చేస్తుంది, తలుపు ప్లాస్టిక్ కూడా అదురుతుంది. సిస్టమ్ పంపింది ఒకటి, గాల్లోకి వచ్చింది ఇంకొకటి. పంపినదాన్ని బట్టే తీసివేత జరుగుతుంది కాబట్టి, కొత్తగా పుట్టిన ఆ వంకర శబ్దం మిగిలిపోయి అవతలికి వెళ్తుంది. తర్వాత కష్టమైనది, ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం. అప్పుడు మైక్‌లో ఏది ఎకో, ఏది మీ మాట అన్నది విడదీయడం కష్టం. నాసిరకం సిస్టమ్‌లు ఆ క్షణంలో మీ గొంతునే నొక్కేస్తాయి.

ఇక కారా, ఫోనా అన్న గొడవ. ఎకో తీసే ప్రోగ్రామ్ ఫోన్‌లోనూ ఉంటుంది, కారులోనూ ఉంటుంది. బ్లూటూత్‌లో కాల్స్ కోసం హ్యాండ్స్‌ఫ్రీ ప్రొఫైల్ అని ఒక ఒప్పందం ఉంది. రెండూ కలిసిన వెంటనే ఎవరెవరికి ఏమేం వచ్చో ఒకరికొకరు చెప్పుకుంటాయి. ఆ సంభాషణంతా పాతకాలం మోడెమ్‌లు వాడిన ఏటీ కమాండ్లలోనే జరుగుతుంది. మీరు స్టీరింగ్ మీద పచ్చ బటన్ నొక్కితే కారు ఫోన్‌కి "ఏటీఏ" అని పంపుతుంది, అంటే కాల్ ఎత్తు అని. అలాగే "నీ ఎకో తొలగింపు, నీ రొద తగ్గింపు ఆపెయ్, నేను చూసుకుంటాను" అని చెప్పడానికీ ఒక కమాండ్ ఉంది, దాని పేరు ఎన్‌ఆర్‌ఈసీ. కారు అది పంపేదాకా ఫోన్ తన పని తాను చేస్తూనే ఉండాలని నియమం. కారు ఆ కమాండ్ పంపి, తన సొంత క్యాన్సిలర్‌ని సరిగ్గా ట్యూన్ చేసుకోకపోతే ఎకో వస్తుంది. కారు పంపినా ఫోన్ వినకపోతే రెండూ ఒకే గొంతుని రెండుసార్లు గీకుతాయి, మాట ముక్కలవుతుంది. కాబట్టి మీకు చెప్పిన ఇద్దరూ పూర్తిగా అబద్ధం చెప్పలేదు. కానీ మీ వర్ణన చూస్తే నేను ముందు కారునే అడుగుతాను.

పాటలకీ కాల్‌కీ తేడా: రెండూ ఒకే బ్లూటూత్ అయినా దారులు వేరు. పాట ఒకవైపే వెళ్తుంది, కాస్త ముందుగా పోగేసుకుని వాయించవచ్చు, ఒక ముక్క పోతే మళ్లీ తెప్పించుకోవచ్చు. అందుకే 44,100 నమూనాలతో, స్టీరియోలో వస్తుంది. కాల్ రెండువైపులా, ఆలస్యం లేకుండా నడవాలి, పోయిన ముక్క కోసం ఎక్కువసేపు ఆగడానికి వీల్లేదు. పాత పద్ధతిలో సెకనుకు 8,000 నమూనాలే. అంటే 4,000 హెర్ట్జ్ పైన ఉన్న శబ్దమేదీ వెళ్లదు. మన "స" లాంటి అక్షరాల సారం చాలావరకు ఆ పైనే ఉంటుంది. ఫోన్‌లో "సాయి"నా, "ఫాయి"నా అని రెండోసారి అడగాల్సి రావడం ఇందుకే. 2011లో వచ్చిన హ్యాండ్స్‌ఫ్రీ ప్రొఫైల్ 1.6 వెర్షన్‌తో 16,000 నమూనాల కోడెక్ (శబ్దాన్ని కుదించి పంపే పద్ధతి) చేరింది, 2023 నాటి 1.9తో 32,000 వరకు వీలైంది. అయితే కారు, ఫోన్ రెండిటికీ కొత్తది వచ్చి ఉండాలి, నెట్‌వర్క్ కాల్ కూడా హెచ్‌డీ అయి ఉండాలి. ఒక్కచోట తగ్గినా మొత్తం తగ్గుతుంది. పైన పెయిరింగ్ తీసి మళ్లీ కలపమన్న సలహా ఇక్కడ పనికొస్తుంది. పాత సమాచారం పట్టుకుని ఉన్న కారు కొత్త కోడెక్ వాడకపోవచ్చు.

ఏసీ విషయం: మైక్ మామూలుగా పైకప్పులో, లోపలి లైట్ల దగ్గర చిన్న జాలీ వెనక ఉంటుంది. ముందు అద్దం మీదికో, మొహం మీదికో తిప్పిన గాలి నేరుగా దానికి కొడితే మిగతా శబ్దమంతా మునిగిపోతుంది. రొద తగ్గించే ప్రోగ్రామ్ నిలకడగా ఉండే శబ్దాన్ని, అంటే ఇంజిన్, టైర్ల హోరుని బాగానే గుర్తుపడుతుంది. ఎగుడుదిగుడుగా కొట్టే గాలిని మాట అనుకుంటుంది, లేదా మాటని గాలి అనుకుని కోసేస్తుంది. ఆ జాలీ ఎక్కడుందో వెతికి, గాలి దిశ మార్చి చూడండి. సీటు కవర్లతోపాటు పైకప్పు లైనింగ్ మార్పించి, ఆ జాలీని గుడ్డతో కప్పేసిన కారు కూడా నేను చూశాను.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అండీ, ఇంత ఓపిగ్గా ఎవరూ చెప్పలేదు. కాల్ మధ్యలో వాల్యూమ్ సగానికి తగ్గించాను, అక్క వెంటనే "ఇప్పుడు లేదు" అంది. పెంచితే మళ్లీ వచ్చింది. మైక్ మీరన్నట్టు లైట్ల పక్కనే ఉంది, గాలి పక్కకి తిప్పాక మాట తెగడం కూడా తగ్గింది. కానీ అంత తక్కువ వాల్యూమ్‌లో నాకు సరిగ్గా వినపడదు. కేబుల్ పెట్టి ఆండ్రాయిడ్ ఆటో వాడితే ఎకో పూర్తిగా పోతుందా?

జవాబు 3

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. గొంతు ఎంత స్పష్టంగా ఉన్నా, నడుపుతూ మాట్లాడటం గురించి కూడా ఆలోచించండి. 1997లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రెడెల్‌మయర్, టిబ్‌షిరానీ ఒక అధ్యయనం ప్రచురించారు. ప్రమాదాలకు గురైన 699 మంది డ్రైవర్ల ఫోన్ రికార్డులు చూస్తే, కాల్‌లో ఉన్నప్పుడు ప్రమాదం జరిగే అవకాశం సుమారు 4 రెట్లు ఉన్నట్టు తేలింది. చేతిలో పట్టుకునే ఫోన్ కన్నా హ్యాండ్స్‌ఫ్రీ క్షేమమని ఆ లెక్కల్లో కనపడలేదు. చేతులు ఖాళీగా ఉన్నాయి గానీ మనసు ఖాళీగా లేదు కదా. పక్కన కూర్చున్న మనిషైతే ముందు లారీ బ్రేక్ వేయగానే మాట ఆపుతాడు. ఫోన్‌లో ఉన్న మనిషికి రోడ్డు కనపడదు.

జవాబు 2 రాసినవారు

పైన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, నేనూ అదే పాటిస్తాను. ఇంకో మాట కలుపుతాను: సరిగ్గా వినపడని కాల్‌లో మాట అర్థం చేసుకోవడానికే బుర్ర ఎక్కువ పనిచేయాల్సి వస్తుంది. "ఆఁ? ఏంటి?" అని అడుగుతూ నడపడం ఇంకా కష్టం. అందుకే ఎకో సరిచేయించుకోవడం చిన్న విషయమని నేను అనుకోను. అయినా పొడుగు మాటలు బండి ఆపాకే.

కేబుల్ సంగతికొస్తే, ఆండ్రాయిడ్ ఆటోలో తీగ పెట్టినా కాల్ శబ్దం బ్లూటూత్ హ్యాండ్స్‌ఫ్రీ దారిలోనే వెళ్తుంది. మ్యాప్, పాటలు మాత్రమే తీగ మీద నడుస్తాయి. ఐఫోన్‌ల కార్‌ప్లే అయితే కాల్ శబ్దం కూడా తీగ మీదికి వస్తుంది, తీగ లేని కార్‌ప్లేలో వైఫై మీద వెళ్తుంది. గొంతు నాణ్యత మారొచ్చు. కానీ మైక్ అదే, స్పీకర్లు అవే, క్యాబిన్ అదే. స్పీకర్ నుంచి మైక్‌కి శబ్దం వెళ్లే దారి మారలేదు కాబట్టి ఎకో దానంతట అది పోతుందని ఆశ పెట్టుకోవద్దు.

మీ కారుకి చేయాల్సింది సిస్టమ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్. ఎకో ట్యూనింగ్ విలువలు అందులోనే ఉంటాయి. తయారీ దశలో వీటిని కొలవడానికి డ్రైవర్ సీట్లో తల, మొండెం ఉన్న ఒక బొమ్మను కూర్చోబెడతాం. దాని నోట్లో స్పీకర్, చెవుల్లో మైక్‌లు ఉంటాయి. ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంస్థ) ప్రమాణాలు పీ.1100, పీ.1110 ప్రకారం అవతలి గొంతు ఎంత తిరిగి వెళ్తోందో, ఇద్దరూ కలిసి మాట్లాడినప్పుడు ఎంత తెగుతోందో కొలుస్తాం. ఆ విలువలు ఒక మోడల్ స్పీకర్లకీ, ఒక మైక్‌కీ సరిపడేలా కుదిర్చినవి. మీరు గానీ ముందు వాడిన ఓనర్ గానీ స్పీకర్లు మార్చి పెద్దవి బిగించి ఉంటే, ఫ్యాక్టరీ విలువలు వాటికి సరిపోకపోవచ్చు. సర్వీస్‌లో ఇది తప్పకుండా చెప్పండి.

అక్కడికి వెళ్లేముందు బండి ఆపి, ఇంజిన్, ఏసీ ఆపేసి, వేరే రెండు ఫోన్లు ఒక్కొక్కటే కారుకి కలిపి ఒకే వాల్యూమ్‌లో కాల్ చేసి చూడండి. అన్ని ఫోన్లతోనూ ఎకో వస్తే అది కారే, వాళ్లు కాదనలేరు. మీ ఫోన్‌తో మాత్రమే వస్తే ఎన్‌ఆర్‌ఈసీ దగ్గరో, ఫోన్ సాఫ్ట్‌వేర్‌లోనో చూడాలి. ఈ పరీక్ష చేసేటప్పుడు మీ అక్కగారిని ఫోన్ స్పీకర్‌లో కాకుండా ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినమనండి. లేకపోతే ఆవిడ వైపు శబ్దాలు కూడా కలిసిపోయి, ఏది ఎక్కడినుంచి వచ్చిందో తేల్చలేం.