వైజాగ్ పేర్లతో కొన్న 34 డొమైన్లు: రెన్యువల్ చెయ్యాలా, వదిలెయ్యాలా?

మధురవాడ_శ్రీను:

అందరికీ నమస్కారం. 2025 అక్టోబర్ 14న గూగుల్ వాళ్లు వైజాగ్‌లో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ పెడతామని ప్రకటించిన ఊపులో, తిరిగి అమ్ముదామని కొన్న డొమైన్లు (వెబ్‌సైట్ పేర్లు) నా దగ్గర 34 ఉన్నాయి. 19 డాట్ కామ్, 9 డాట్ ఇన్, 4 డాట్ ఎక్స్‌వైజెడ్, 2 డాట్ ఏఐ. ఏడాది నిండబోతోంది, రెన్యువల్ నోటీసులు మొదలయ్యాయి. ఇప్పటిదాకా ఒక్కటీ అమ్ముడు పోలేదు.

పేర్లు మూడు రకాలు. వైజాగ్ పక్కన డేటా సెంటర్, ఏఐ, క్లౌడ్ లాంటి మాట చేర్చినవి సగానికి పైగా. వైజాగ్‌కో విశాఖకో ఫ్లాట్స్, ఇంటీరియర్స్, పీజీ, క్యాబ్స్, కోచింగ్ చేర్చినవి పది. మిగతావాటిలో తర్లువాడ, ఆనందపురం లాంటి ఊళ్ల పేర్ల పక్కన ప్లాట్స్ అని ఉన్నవి కొన్ని. డాట్ కామ్‌లలో రెండింటిలో గూగుల్ అన్న మాట కూడా ఉంది.

అడగాల్సినవి: ఏవి ఉంచాలి? గూగుల్ మాట ఉన్న రెండింటి గురించి ఆ కంపెనీకే మెయిల్ పెట్టొచ్చా? ఒకాయన 8,000 డాలర్లకు ఒక పేరు కొంటానని మెయిల్ చేశాడు, కానీ ముందు ఆ పేరుకి విలువ కట్టిన అప్రైజల్ సర్టిఫికెట్ కావాలంటున్నాడు. తెప్పించాలా?

లెక్కల_పంతులు:

శ్రీను గారూ, పేర్ల సంగతి తర్వాత, ముందు లెక్క చూడండి.

డాట్ కామ్ టోకు ధరే 2024 సెప్టెంబర్‌లో 10.26 డాలర్లకు చేరింది. దానిమీద రిజిస్ట్రార్ (మనకి పేరు అమ్మే కంపెనీ) లాభం, 18 శాతం జీఎస్టీ కలిస్తే ఒక్కోదానికి 1,400 రూపాయల చొప్పున పడుతుందనుకుందాం. పందొమ్మిదికి 26,600. డాట్ ఇన్ 900 చొప్పున తొమ్మిదికి 8,100. ఎక్స్‌వైజెడ్ మొదటి ఏడాది వందా రెండొందలకే ఇస్తారు గానీ రెన్యువల్ వెయ్యి దాటుతుంది, 1,500 వేసుకోండి, నాలుగూ కలిపి 6,000. మొత్తం 40,700. డాట్ ఏఐ కనీసం రెండేళ్లకు కట్టించుకుంటారు కాబట్టి ఇప్పుడు బిల్లు రాదు. అయినా ఏడాదికి ఒక్కోదాని మీద ఆరేడు వేలు నడుస్తూనే ఉంటుంది. అన్నీ కలిపి ఏడాదికి 53 వేల పైమాటే.

ఇక అమ్మకాలు. వంద పేర్లుంటే ఏడాదికి ఒకటో రెండో అమ్ముడవుతాయన్నది ఈ వ్యాపారంలో అందరూ వాడే అంచనా, అదీ పేర్లు బాగుంటేనే. ఒకటిన్నర శాతం అనుకుంటే మీ 34కి రెండేళ్లకు ఒక అమ్మకం. అంటే ఆ ఒక్క పేరే లక్షా ఏడు వేల ఖర్చు మొయ్యాలి. పేర్లు అమ్మిపెట్టే సెడో, ఆఫ్టర్నిక్ లాంటి మార్కెట్‌ప్లేసుల కమిషన్ 15 నుంచి 25 శాతం దాకా ఉంటుంది. 20 వేసుకున్నా ఆ పేరు లక్షా ముప్ఫై నాలుగు వేలు పలికితే తప్ప మీరు సున్నా దగ్గరికి రారు. వైజాగ్ పీజీ హాస్టల్ పేరుకి అంత ఎవరిస్తారు?

కొనేవాడికి దగ్గరి ప్రత్యామ్నాయం ఎంతకి దొరుకుతుందో, మన ధరకి అదే పైకప్పు. వైజాగ్ ఇంటీరియర్స్ అన్న పేరు మీ దగ్గరుంటే, షాపాయన మధ్యలో హోమ్ అన్న మాట చేర్చుకుని వెయ్యి రూపాయల్లో పని కానిచ్చుకుంటాడు. పైగా అతని గిరాకీ గూగుల్ మ్యాప్స్ నుంచి, ఇన్‌స్టాగ్రామ్ నుంచి, వాట్సాప్ నుంచి వస్తోంది. వెబ్‌సైట్ ఉంటే ఉంది, లేకపోతే లేదు.

డేటా సెంటర్ రకం ఇంకా కష్టం. ఆ కంపెనీలకు సొంత బ్రాండ్ ఉంది, ఊరి పేరుతో డొమైన్ కొనరు. వార్త చూసి కొన్న పేర్లకి ఉన్న జబ్బే ఇది: అదే వార్త చూసి అదే రాత్రి ఇంకో వెయ్యి మంది అలాంటివే కొంటారు, అవసరమున్న కొనుగోలుదారు మాత్రం ఉండడు. 2019 చివర్లో కార్యనిర్వాహక రాజధాని అన్నప్పుడు వైజాగ్ క్యాపిటల్ అనో విశాఖ రాజధాని అనో కొన్న పేరు ఈరోజు ఎవరికి పనికొస్తుంది? తర్లువాడ ప్లాట్స్ కూడా ఆ బాపతే. అక్కడ ప్లాట్లు అమ్మే రియల్టరు వెంచర్ పేరుతో అమ్ముతాడు, ఊరి పేరుతో కాదు.

ఉంచాలా వద్దా తేల్చడానికి ఒక్కో పేరుకి పావుగంట చాలు. ఆ మాటలు గూగుల్‌లో కొట్టి, పైన స్పాన్సర్డ్ అని ఎన్ని ప్రకటనలు వస్తున్నాయో చూడండి. డబ్బు పెట్టి ప్రకటన ఇచ్చేవాడే డొమైన్‌కీ డబ్బు పెట్టగలడు. తర్వాత అదే పేరు డాట్ ఇన్, డాట్ నెట్, డాట్ కో డాట్ ఇన్‌లలో ఎవరైనా తీసుకున్నారా, వాటి మీద నిజంగా సైట్ నడుస్తోందా అని చూడండి. మీకన్నా నాసి పేరుతో వ్యాపారం నడిపేవాళ్లు ఎంతమంది ఉంటే మీకు అంతమంది కొనుగోలుదారులున్నట్టు. ఊళ్లు, ఫోన్ నంబర్లతో సహా కనీసం పదిమంది జాబితా రాయలేని పేరు వదిలెయ్యండి. ఆఖరున పాత డొమైన్ అమ్మకాల ధరలు చూపించే నేమ్‌బయో సైటులో ఊరి పేరు, సేవ కలిసిన పేర్లు పాత అమ్మకాల్లో ఎంత పలికాయో వెతకండి. రిజిస్ట్రార్ సైటులో ఆటోమేటిక్‌గా చూపించే వాల్యుయేషన్ అంకెను మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు. దాన్ని చూసి కొనేవాడెవడూ లేడు.

విశాఖ అన్న పేర్లలో ఇంకో తిరకాసు. ఇంగ్లిష్‌లో ఎస్ తర్వాత హెచ్ పెట్టేవాళ్లు సగం, పెట్టనివాళ్లు సగం. ఫోన్‌లో చెప్తే విన్నవాడు తప్పు కొట్టడు అనిపించే పేరైతేనే విలువ. ఆ లెక్కన వైజాగ్ నయం.

నా అంచనాకి మీ 34లో నాలుగో ఐదో నిలుస్తాయి. అవి కూడా ఫ్లాట్స్, ఇంటీరియర్స్, కోచింగ్ డాట్ కామ్‌లే. 2019లో వాయిస్ డాట్ కామ్ 3 కోట్ల డాలర్లకు అమ్ముడైందని యూట్యూబ్ గురువులు ఊదరగొడతారు. ఒకే ఒక్క ఇంగ్లిష్ మాట, డాట్ కామ్. దాన్ని మన పేర్ల పక్కన పెట్టి చూడడమే తప్పు.

సీతమ్మధార_వకీలు:

గూగుల్ మాట ఉన్న రెండూ ఉంచొద్దు, వాటి గురించి ఆ కంపెనీకి మెయిల్ అసలే పెట్టొద్దు.

డాట్ కామ్ తగాదాలు, డొమైన్ల వ్యవస్థని చూసే ఐక్యాన్ సంస్థ 1999లో తెచ్చిన యూడీఆర్‌పీ అనే తగాదా పరిష్కార నియమాల కిందకి వస్తాయి. ఫిర్యాదీ మూడు చూపించాలి: పేరు తన ట్రేడ్‌మార్క్‌ని పోలి ఉంది, మీకు దానిమీద న్యాయమైన హక్కు లేదు, దురుద్దేశంతో రిజిస్టర్ చేసి వాడుతున్నారు. ట్రేడ్‌మార్క్ ఓనరుకే, మీకైన ఖర్చుకి మించిన ధరకి అమ్మే ఉద్దేశంతో పేరు తీసుకోవడం దురుద్దేశానికి రుజువు అని ఆ నియమాల్లోనే రాసి ఉంది. అంటే మీరు పెట్టే మెయిలే వాళ్లకి సాక్ష్యం అవుతుంది. ఒకటి నుంచి ఐదు పేర్ల దాకా ఏక సభ్య ప్యానెల్‌కి, ఈ ఫిర్యాదులు తీసుకునే వైపో అనే సంస్థలో ఫీజు 1,500 డాలర్లు. అది ఫిర్యాదీ కడతాడు, పెద్ద కంపెనీకి అదో లెక్క కాదు. మీకు జవాబివ్వడానికి 20 రోజులు. అక్కడ ఓడితే పేరు పోతుంది, జరిమానా ఉండదు. కోర్టుకి వెళ్తే మాత్రం పరిహారం, ఖర్చులు కూడా అడగొచ్చు. మన దగ్గర డొమైన్లకి విడిగా చట్టం లేకపోయినా, సత్యం ఇన్ఫోవే కేసులో 2004లో సుప్రీంకోర్టు డొమైన్ పేరుకీ ట్రేడ్‌మార్క్ తరహా రక్షణ ఉందని తేల్చేసింది.

డాట్ ఇన్‌కి దారి వేరు. డాట్ ఇన్ పేర్లని చూసే నిక్సీ సంస్థ ఆధ్వర్యంలో, ఐఎన్‌డీఆర్‌పీ అనే నియమాల కింద ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) తేలుస్తాడు. అక్కడ దురుద్దేశంతో రిజిస్టర్ చెయ్యడం, దురుద్దేశంతో వాడడం, వీటిలో ఏ ఒక్కటి రుజువైనా చాలు. యూడీఆర్‌పీలో రెండూ కావాలి. అందుకే సైటేమీ పెట్టకుండా ఊరికే ఉంచాను కదా అన్న వాదన డాట్ ఇన్‌లో ఇంకా బలహీనం.

జియో హాట్‌స్టార్ డాట్ కామ్ సంగతి గుర్తుందా? 2023లో ఆ పేరు తీసుకున్న ఢిల్లీ యువకుడు, 2024 అక్టోబర్‌లో తన విదేశీ చదువు ఖర్చు భరిస్తే పేరు ఇస్తానని ఆ సైటు మీదే రాశాడు. రిలయన్స్ ఒప్పుకోలేదు. జనం సానుభూతి బాగానే దొరికింది గానీ, న్యాయపరంగా చూస్తే ఆ ఉత్తరం అతనికే ఎదురు తిరిగే కాగితం.

ఊరి పేరు, సాధారణ మాట కలిసిన పేర్లకి ఈ భయం తక్కువ. అయినా రెన్యువల్‌కి ముందు ట్రేడ్‌మార్క్స్ రిజిస్ట్రీ వాళ్ల పబ్లిక్ సెర్చ్‌లో ఓసారి చూడండి, ఉచితమే. రియల్ ఎస్టేట్ పేర్లైతే 36వ క్లాసు, కోచింగ్ అయితే 41. జీవీఎంసీ, వీఎంఆర్‌డీఏ లాంటి ప్రభుత్వ సంస్థల పేర్లు కలిసినవి ఏమైనా ఉంటే అవీ తీసెయ్యండి.

ఏటిబాబూ:

అప్రైజల్ మెయిల్ మోసం శ్రీనూ. పాత ఎత్తే. వాడు చెప్పిన సైటులోనే సర్టిఫికెట్ తియ్యాలంటాడు, ఆ సైటూ వాడిదే. వంద రెండొందల డాలర్లు కట్టాక వాడూ ఉండడు, 8,000 డాలర్లూ ఉండవు. నిజంగా కొనేవాడు ధర అడుగుతాడు, సర్టిఫికెట్ అడగడు.

పంతులు గారు చెప్పినదాంట్లో ఒక్కదానికి నేనొప్పుకోను. మార్కెట్‌ప్లేస్‌లో పెట్టి కూర్చుంటే ఆ ఒకటిన్నర శాతం నిజమే. ఊళ్లో పేర్లకి ఆ లెక్క పెట్టకూడదు. ద్వారకానగర్‌లో కోచింగ్ సెంటర్ ఎక్కడుందో మనకి తెలుసు, వెళ్లి మాట్లాడొచ్చు. ధర లక్ష అనకుండా పదిహేను, ఇరవై వేలు చెప్పండి, లేదా నెలకి వెయ్యి చొప్పున కిస్తీల మీద ఇవ్వండి. కిస్తీలు పూర్తయ్యేదాకా పేరు మీ అకౌంట్లోనే ఉంటుంది, వాళ్ల సైటుకి డీఎన్ఎస్ (పేరు కొడితే ఏ సైటు తెరుచుకోవాలో చెప్పే సెట్టింగ్) మాత్రం మళ్లిస్తారు. కట్టడం ఆపితే డీఎన్ఎస్ తీసేస్తారు. అంతే.

మధురవాడ_శ్రీను:

అందరికీ ధన్యవాదాలు. గూగుల్ రెండూ, డేటా సెంటర్ బాపతు అంతా వదిలేస్తున్నా. ఒకవేళ ఊళ్లోనే ఎవరైనా కొంటే డబ్బు ముందా, పేరు ముందా? వదిలేసే పేర్లకి ఏమైనా చెయ్యాలా?

లెక్కల_పంతులు:

ఏటిబాబూ గారి మాట కాదనను, కాకపోతే తిరగడానికి పట్టే టైమ్ కూడా ఖర్చే. అయిదు పేర్లకైతే తిరగొచ్చు, ముప్ఫై నాలుగింటికి తిరగలేరు.

ఊళ్లో అమ్మకం అయితే సులువు దారి ఒకటుంది. కొనేవాణ్ని మీరున్న రిజిస్ట్రార్ దగ్గరే అకౌంట్ తెరవమనండి. ఎదురుగా కూర్చుని, డబ్బు యూపీఐలోనో నెఫ్ట్‌లోనో మీ ఖాతాలో పడ్డాక, మీ అకౌంట్ నుంచి అతనిదానికి పుష్ చెయ్యండి. నిమిషాల్లో అయిపోతుంది. స్క్రీన్‌షాట్ చూపిస్తే నమ్మొద్దు, మీ బ్యాంక్ యాప్ తెరిచి చూడండి. పేరు, ధర, తేదీ రాసిన కాగితం మీద ఇద్దరి సంతకాలు తీసుకోండి, ఆదాయపు పన్నుకి అదే ఆధారం.

వేరే రిజిస్ట్రార్‌కి మార్చమంటే డొమైన్ అన్‌లాక్ చేసి ఆథ్ కోడ్ (పేరు మార్చుకోవడానికి కావాల్సిన రహస్య కోడ్) ఇవ్వాలి, దాదాపు అయిదు రోజులు పడుతుంది. ఆథ్ కోడ్ ఇంటి తాళంచెవి లాంటిది, డబ్బు ఎస్క్రోలో (మధ్యవర్తి ఖాతాలో) పడకుండా ఇవ్వకూడదు. కొత్తగా కొన్న పేరుకి, ఈమధ్యే ట్రాన్స్‌ఫర్ అయిన పేరుకి 60 రోజుల లాక్ ఉంటుంది. ఓనర్ పేరు మార్చినా చాలామంది రిజిస్ట్రార్లు ఇదే లాక్ వేస్తారు. కొనేవాడికి ఈ మాట ముందే చెప్పకపోతే డబ్బు కట్టాక మోసం అనుకుంటాడు. విదేశీ కొనుగోలుదారైతే ఎస్క్రో డాట్ కామ్ గానీ మార్కెట్‌ప్లేస్ గానీ తప్ప వేరే దారి పెట్టుకోకండి.

డాట్ ఇన్ పేర్లకి ఓనర్ వివరాలు దాచే ప్రైవసీ సౌకర్యం లేదు. వివరాలు తప్పుగా ఇచ్చి ఉంటే అమ్మే ముందే సరిచేసుకోండి, లేకపోతే పేరు సస్పెండ్ అయ్యే ప్రమాదం ఉంది.

వదిలేసేవాటికి ఇప్పుడే ఆటో రెన్యువల్ ఆపెయ్యండి, లేకపోతే కార్డు నుంచి కట్ అయిపోతుంది. ఉంచుకునేవాటికి ఉల్టా: ఆటో రెన్యువల్ పెట్టానని నిశ్చింతగా ఉండొద్దు. 2021 అక్టోబర్ నుంచి ఆర్‌బీఐ ఈ-మాండేట్ (ఆటోమేటిక్ చెల్లింపుల) నిబంధనలు వచ్చాక విదేశీ రిజిస్ట్రార్ల దగ్గర మన కార్డుల నుంచి ఆటోమేటిక్ చెల్లింపు తరచూ ఫెయిల్ అవుతుంది. గడువుకి నెల ముందే చేత్తో కట్టెయ్యండి. గడువు దాటాక గ్రేస్ కాలం రిజిస్ట్రార్‌ని బట్టి 45 రోజుల దాకా ఉండొచ్చు, కానీ కొందరు నెల కూడా తిరక్కుండానే పేరుని వేలంలో పెట్టేస్తారు. అది దాటితే 30 రోజుల రిడెంప్షన్ (పేరు విడిపించుకునే గడువు), అందులో పడితే రెన్యువల్‌కి అనేక రెట్లు కట్టాలి. ఆపైన 5 రోజుల పెండింగ్ డిలీట్‌లో ఇక మీ చేతిలో ఏమీ ఉండదు.

ఏటిబాబూ:

ఇంకోటి. ఉంచుకున్న పేర్ల మీద పార్కింగ్ ప్రకటనలు (సైటు లేని ఖాళీ పేజీలో వచ్చేవి) పెట్టొద్దు. నెలకి పది రూపాయలు కూడా రావు. పైగా కోచింగ్ పేరు మీద పోటీ ఇన్‌స్టిట్యూట్ ప్రకటన కనిపిస్తే, వకీలు గారు చెప్పిన దురుద్దేశానికి దాన్నే రుజువుగా చూపించొచ్చు. ఈ పేరు అమ్మకానికి ఉంది అని ఒక లైను, ధర, వాట్సాప్ బటన్, అంతే చాలు. ధర మాత్రం తప్పకుండా రాయి. సంప్రదించండి అని పెడితే మనవాళ్లు లక్షల్లో చెప్తారని భయపడి అడగరు.