ఈలపాట రఘురామయ్యను ఈలతోనే తలుచుకోవాలా?

పాతతెర
పద్యనాటకాల్లో నటించి, ఈలతో రాగాలు పలికించిన కల్యాణం రఘురామయ్య గారి వర్ధంతి ఫిబ్రవరి 24. మా ఊళ్లో చిన్న సభ పెడుతున్నాం. కమిటీలో నలుగురు, పిల్లలకు ఈల పోటీ పెడదామంటున్నారు. నేను ఒప్పుకోలేదు, పద్యాల పోటీ పెట్టాలన్నాను. నా కారణం ఇదీ. ఆయన 1901లో గుంటూరు జిల్లా సుద్దపల్లిలో పుట్టారు. అసలు పేరు వెంకట సుబ్బయ్య. రఘురాముడి వేషం కట్టి మెప్పించాక రఘురామయ్య అయ్యారు. అంటే ఆ పేరు నటనతో సంపాదించుకున్నది. దాని ముందు తగిలించిన 'ఈలపాట' మాత్రం ఒక గారడీకి పెట్టిన పేరు. యాభై ఏళ్ల నటన ఆ గారడీ వెనక పడిపోయింది. ఆయన కృష్ణుడి పక్కన సత్యభామ వేషం కట్టిన, ఆడవేషాలకు పేరుపడ్డ స్థానం నరసింహారావు గారికి 1956లోనే పద్మశ్రీ వచ్చింది. స్థానం పేరు ముందు ఎవరూ చీరను తగిలించలేదే!

కృష్ణలంక
గారడీయా? ఎంత మాటన్నారండీ! వేలు మడిచి నోట్లో పెట్టుకుని రాగాన్ని గమకాలతో సహా పలికించడం గారడీ అవుతుందా? ఆయనకు పేరు తెచ్చింది కృష్ణుడి వేషం. కృష్ణుడి చేతిలో ఉండేది పిల్లనగ్రోవి. ఆ ఈల పిల్లనగ్రోవి లాగే వినపడేదని చూసినవాళ్లందరూ చెప్పారు. పాత్రకు అంతగా అతికిన విద్య ఇంకొకటి చూపించండి. వీణ ధనమ్మాళ్ అన్నామంటే ఆవిడను తక్కువ చేసినట్టా?

రేపల్లె_పాసింజర్
మా తాతయ్య సైకిలు మీద పన్నెండు మైళ్లు పోయి చూశారట. ఈల గురించే చెప్పేవారు. పద్యం గురించి ఎప్పుడూ చెప్పలేదు.

పాతతెర
సరిగ్గా నేను చెప్పేదీ అదేనండీ. పద్యం గురించి ఎందుకు చెప్పలేదు? తిరుపతి వేంకట కవుల నాటకాలు పాండవోద్యోగ విజయాలు తీసుకోండి. 'జెండాపై కపిరాజు' పద్యం కృష్ణుడు సభలో దుర్యోధనుడికి చేసే హెచ్చరిక. యుద్ధం మొదలయ్యాక నీ గతి ఏమవుతుందో ఆలోచించుకో అని. మన జనం ఆ హెచ్చరిక వదిలేసి చివరి రాగానికి చప్పట్లు కొడతారు, ఒన్స్ మోర్ అంటారు. దుర్యోధనుడు అంతసేపూ సింహాసనం మీద ఊరికే కూర్చుని ఉండాలి. పీసపాటి నరసింహమూర్తి గారు అదే కృష్ణుడిని కట్టారు. రాగం తగ్గించి మాటను నిలబెట్టారు. అప్పుడు గదా కృష్ణుడు రాజకీయం తెలిసిన మనిషిగా కనపడ్డాడు! ఈలకు అక్షరం లేదు. అక్షరం లేనిదాన్ని పద్యనాటకానికి గుర్తుగా పెట్టుకుంటే ఇక మిగిలేదేమిటి?

కృష్ణలంక
పీసపాటి వారి గొప్పతనం ఎవరు కాదన్నారు? నేను అడిగేది ఒక్కటే. 'గారడీ' అన్న మాట వెనక్కి తీసుకుంటారా లేదా? మైకుల్లేని కాలంలో నేల టికెట్టులో చివరివాడి చెవిదాకా గొంతు చేరాలి. అందుకే పై శ్రుతి, అందుకే సాగదీత. కుర్చీలో కూర్చుని మైకులో వినేవాళ్లం ఆ రాగాన్ని తప్పు పట్టకూడదు. 1973లో సంగీత నాటక అకాడమీ, 1975లో పద్మశ్రీ గారడీకి ఇవ్వలేదు.

పాతతెర
అవార్డులు రంగస్థల నటుడికి ఇచ్చారు. నా వాదన కూడా నటుడి గురించే. మీరు ఒక్క మాట పట్టుకుని వేలాడుతున్నారు.

తిత్తి_మెట్లు
మూడు రోజులుగా చదువుతున్నాను. ఈలా, పద్యమా అంటూ పెద్దవాళ్లు పోట్లాడుకుంటున్నారు. దేనికైనా శ్రుతి పట్టింది ఎవరండీ? మా నాన్న నాటక సమాజాల్లో కాళ్ల హార్మోనియం వాయించారు. కృష్ణుడు రాగం ఎటు తిప్పితే అటు వేళ్లు పోవాలి. ఒన్స్ మోర్ అంటే మళ్లీ అంతా వాయించాలి. రాత్రి పదింటికి కూర్చుంటే తెల్లారి లేచేవారు. ముఖ్య వేషాలకు ముందే డబ్బు ముట్టేది, ఈయనకు మిగిలితే ఇచ్చేవారు. ఒక పరిషత్తులో నాటకానికి బహుమతి వస్తే వేదిక మీదికి అందరినీ పిలిచారు, నాన్నను పిలవలేదు. ఇంటికొచ్చి ఒక్క మాటా అనలేదు. మర్నాడు తిత్తికి చిరుగు పడితే కుట్టుకుంటూ కూర్చున్నారు. నేను చూశాను.

రేపల్లె_పాసింజర్
నమస్కారం పెట్టాలి అలాంటివారికి.

కృష్ణలంక
తిత్తి_మెట్లు గారూ, మీ బాధ అర్థమైంది. కానీ ఇక్కడ చర్చ వేరు. పాతతెర గారికి రాగమంటేనే పడదు.

పాతతెర
రాగమంటే పడదా? నాకా? సరే, చెప్పేస్తాను. పంతొమ్మిదేళ్లప్పుడు ఒక పోటీలో కృష్ణుడి పద్యం 'చెల్లియో చెల్లకో' చెప్పాను. సంధి కోసం వచ్చినవాడు ఎలా మాట్లాడాలో అలా, నెమ్మదిగా, ప్రతి మాటా తెలిసేలా చెప్పాను. మూడో పాదానికే వెనక నుంచి "రాగం తియ్యవయ్యా" అని కేకలు. తెర దించేశారు. ఇరవై ఎనిమిదేళ్లయింది. మళ్లీ ముఖానికి రంగు వేసుకోలేదు. నేను పద్యాల పోటీ అడిగేది ఎవరైనా పిల్లవాడు అర్థం తెలిసి పద్యం చెబితే, ఒక్కసారైనా చివరిదాకా విననిస్తారని.

కృష్ణలంక
ఇది ముందే చెప్పి ఉండాల్సింది.
నా సంగతీ చెబుతాను. మా అమ్మాయి డాలస్‌లో పుట్టింది. తెలుగు అర్థమవుతుంది, చదవలేదు. పద్యం నోరు తిరగదు. పోయిన వేసవిలో మా నాన్న రఘురామయ్య గారి ఈలపాట రికార్డింగు వినిపిస్తే రెండు రోజులు బాత్‌రూములో వేలు నోట్లో పెట్టుకుని ప్రయత్నించింది. మూడోరోజు మోహన రాగం ఆరోహణ పలికింది. మా నాన్న ఏడ్చారు. మీ పోటీలో అక్షరం వచ్చినవాళ్లకే చోటైతే మా అమ్మాయి ప్రేక్షకుల్లో కూర్చోవాలి. రఘురామయ్య గారు నా కూతురికి అందింది ఆ ఈల ద్వారానే.

పాతతెర
అందింది రాగం. కృష్ణుడు అందలేదు. మాట పోతే నాటకం పోయినట్టే, ఈ విషయంలో నేను మారను. కానీ పాపను తీసుకురండి. పోటీలో కాదు, సభ మొదట్లో ఈల వేయమందాం. కమిటీని నేను ఒప్పిస్తాను.

కృష్ణలంక
మొదట్లో అంటే ప్రార్థన గీతం లాగానా? పోటీలోకి ఎందుకు వద్దు?

తిత్తి_మెట్లు
ఎందులోకైనా సరే, శ్రుతి కావాలి గదా. నాన్న హార్మోనియం మా ఇంట్లోనే ఉంది. రెండు మెట్లు పలకవు, మిగతావి బాగున్నాయి. వాయించడం నాకు కొద్దిగా వచ్చు. తేవాలా?

పాతతెర
తప్పకుండా తీసుకురండి. కరపత్రం సోమవారం అచ్చుకి వెళ్తుంది. మీ నాన్నగారి పేరు, ఆయన ఏ ఏ నాటకాలకు వాయించారో రాసి పంపండి. పై వరసలో వేయిస్తాను.

కృష్ణలంక
టికెట్లు చూస్తున్నాను. 'గారడీ' మాట మాత్రం ఇంకా అలాగే ఉందండీ.