ఐటీఐలో చేతి పని రావాలంటే చర్చలు కావాలా, రాడ్లు కావాలా?

వెల్డర్ ట్రేడ్ ఇన్‌స్ట్రక్టర్: తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. రోబోలు, సీఎన్‌సీలు (కంప్యూటర్‌తో నడిచే మెషీన్లు) సరే. పిల్లలతో మాట్లాడిస్తూ, తప్పు ఎక్కడుందో వాళ్లతోనే వెతికిస్తూ నేర్పితే చేతి పని నిజంగా బాగుపడుతుందా? లేక ఇన్‌స్పెక్షన్ రోజు చూపించుకోడానికేనా?

పాత ఫిట్టర్: చేయి తిరగాలంటే ఇనుము అరగాలి సార్, నోరు కాదు. మాతో నెలల తరబడి ఫైలింగే, అంటే ఆకురాయితో ఇనుము అరగదీయడమే, చేయించారు. మూల సరిగ్గా ఉందో లేదో చూసే ట్రై స్క్వేర్ పెట్టినప్పుడు సందులో వెలుతురు కనిపిస్తే మళ్లీ మొదటికే. నేను చూసిన ఒక ఐటీఐలో నెలకని ఇచ్చిన వెల్డింగ్ రాడ్లు రెండో వారానికే ఖాళీ. ముందు అవి తెప్పించండి.

ఎలక్ట్రీషియన్ మాస్టారు: రాడ్ల మాట నిజమే అన్నా. మిగతాది ఒప్పుకోను. మోటార్‌ని నేరుగా సప్లైకి కలిపే డీఓఎల్ స్టార్టర్ కనెక్షన్ బోర్డు మీద గీస్తే అందరూ తలూపుతారు. వైరింగ్ చేయమంటే సగం మంది పక్కవాడి బోర్డు చూస్తారు. అందుకే పిల్లలు రాకముందే హోల్డింగ్ కాంటాక్ట్ (స్టార్ట్ బటన్ వదిలినా మోటార్ ఆగకుండా పట్టి ఉంచేది) వైరు ఒకటి పీకి పెడతాను. ఆకుపచ్చ బటన్ నొక్కినంతసేపు మోటార్ తిరుగుతుంది, వదిలితే ఆగిపోతుంది. అందరూ లోడ్ ఎక్కువైతే మోటార్‌ని ఆపే ఓవర్‌లోడ్ రిలే మీద పడతారు. ఎందుకు దాన్నే అనుమానించారని అడుగుతాను. రిలే ట్రిప్ అయ్యుంటే నొక్కినా తిరగదు కదా అని ఎవడో ఒకడికి వెలుగుతుంది. అప్పుడు సప్లై ఆపి, ఫ్యూజులు నా జేబులో వేసుకుని మల్టీమీటర్ ఇస్తాను. స్టార్ట్ బటన్ రెండు టెర్మినళ్ల మీద మీటర్ పెట్టి, కాంటాక్టర్‌ని (మోటార్‌కి కరెంటు కలిపే స్విచ్‌ని) వేలితో లోపలికి నొక్కినా మీటర్ బజర్ మోగదు. తప్పు అక్కడ దొరుకుతుంది. ఆ రోజు పట్టుకున్నవాడు ఊళ్లో బోరు మోటార్ దగ్గర తడుముకోడు.

పాత ఫిట్టర్: ఇరవై మంది, రెండు బోర్డులు. తెలిసినవాడు స్క్రూడ్రైవర్ లాక్కుంటాడు, మిగతావాళ్లు సెల్‌ఫోన్ చూసుకుంటారు. నాకు తెలియదా?

ఎలక్ట్రీషియన్ మాస్టారు: మొదటి నెల నాకూ అదే జరిగింది. ఇప్పుడు తెలిసినవాడు టూల్ ముట్టుకోకూడదు, చెప్పాలంతే. తెలియనివాడు చేయాలి. చెప్పేవాడికి మహా చిరాకు. కానీ ‘ఆ వైరు అక్కడ పెట్టు’ అంటే నడవదు, టెర్మినల్ నంబరు చెప్పాల్సిందే. వాడికీ అప్పుడే సరిగ్గా అర్థమవుతుంది. టైమ్ మాత్రం రెట్టింపు పడుతుంది, సిలబస్ వెనకబడుతుంది. అది ఒప్పుకుంటాను.

వెల్డర్ స్టూడెంట్: నేనూ ఒక మాట చెప్పొచ్చా సార్? నిజం వెల్డింగ్ లేకుండా ప్రాక్టీస్ చేయించే సిమ్యులేటర్‌లో నాకు మంచి స్కోరే వచ్చింది. నిజం రాడ్ ప్లేటుకి తగిలించగానే అతుక్కుపోయింది, ఊడదీయడానికే టెన్షన్. సిమ్యులేటర్‌లో వేడి లేదు, నిప్పురవ్వలు లేవు. కాకపోతే రాడ్ ఎంత వంపులో పట్టాలో చేతికి ముందే అలవాటైంది. నా వెల్డింగ్ పూసలో (అతుకు గీతలో) రంధ్రాలు పడితే సార్ తిట్టలేదు, కారణం నన్నే వెతకమన్నారు. చెమ్మ పట్టిన రాడ్లని రెండో రోజు తెలిసింది.

పాత ఫిట్టర్: చెమ్మ రాడ్లు ఇచ్చిందెవరమ్మా? అదీ చర్చించండి.

వెల్డర్ ట్రేడ్ ఇన్‌స్ట్రక్టర్: మాస్టారి పద్ధతి సోమవారం నా బ్యాచ్‌లో మొదలుపెడతాను. ఫిట్టర్ గారూ, రాడ్లు కావాలని ఇండెంట్ రాసి పెట్టి నెల దాటింది. ఇంకా రాలేదు.